అనొచ్చా మామయ్య

ఎవరు ఏం చెప్పారన్నది మామయ్యకు ఎన్నడూ పట్టలేదు. ఎలా చెప్పారన్నదే పట్టేది. ఇల్లు అంటుకుందని చెప్పినా, పక్కింట్లో కవలలు పుట్టారని చెప్పినా ఆయన ఒక్క క్షణం కళ్లు మూసుకునేవారు. ఆ వాక్యాన్ని నోట్లో చప్పరించి, అందులో ఒక మాటను తీసి వెనక్కో ముందుకో జరిపి, "ఇలా కూడా అనొచ్చా?" అని అడిగేవారు. జవాబు చెప్పేదాకా వదిలిపెట్టేవారు కాదు.

వీధిలో అందరూ ఆయన్ని 'అనొచ్చా మాస్టారు' అనేవారు. కోడలు కాపురానికి వచ్చిన కొద్దిరోజులకే దాన్ని మనసులో 'అనొచ్చా మామయ్య' అని మార్చుకుంది.

పాపం, ఆయన ఉద్యోగమే అది. విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్రం చెప్పేవారు. వాక్యనిర్మాణం ఆయన ప్రత్యేక విషయం. ఆ మాట వినగానే జనం తమ తప్పులు దిద్దుతారేమోనని భయపడి నోరు కట్టేసుకునేవారు. కానీ మామయ్య జన్మలో ఎవరి మాటా దిద్దలేదు. తన వాక్యాలే కుదిరాయో లేదో జనాన్ని అడిగి తెలుసుకునేవారు. మనిషన్నవాడు ఇంతకుముందెన్నడూ వినని వాక్యాన్ని కూడా, విన్న మరుక్షణం ఇది కుదిరింది, ఇది కుదరలేదు అని చెప్పేయగలడు. ఎలా చెప్పగలిగావని అడిగితే మాత్రం చెప్పలేడు. ఈ ఒక్క సంగతికి మామయ్య పాతికేళ్ల వయసులో ఆశ్చర్యపోయారు. ఆ ఆశ్చర్యం నుంచి ఇంకా తేరుకోలేదు.

ఆ ఆశ్చర్యం ఫలితమంతా అత్తయ్య అనుభవించింది. ఒకరోజు ఆవిడ బట్టలు ఆరేస్తూ మేడమీద నుంచి, "పాలు పొంగుతున్నాయేమో చూడండి" అని కేకేసింది. మామయ్య వంటింటి గడపలో నిలబడి పాలవంకే చూస్తూ, "'చూడండి, పొంగుతున్నాయేమో పాలు' అని కూడా అనొచ్చా?" అని తిరిగి కేకేశారు. అనొచ్చని అత్తయ్య పైనుంచి చెప్పింది. ఆయన సంతోషించారు. ఈలోగా పాలు తమ పని తాము చూసుకున్నాయి. ఆ స్టవ్ తళతళలాడుతుంటే చూసి మెచ్చుకున్న కోడలితో అత్తయ్య, ఇది నా శుభ్రం కాదమ్మా, మీ మామయ్య చదువు అంది.

పళ్ల డాక్టరుది మరో కథ. కుర్చీలో వెనక్కి వాల్చి, నొప్పిగా ఉంటే చెయ్యెత్తమన్నాడాయన. మిషను ఇంకా నోటిదాకా రాకుండానే మామయ్య చెయ్యెత్తారు. డాక్టరు కంగారుపడి ఆపితే, "'చెయ్యెత్తండి నొప్పిగా ఉంటే' అన్నా అంతేనా?" అని అడిగారు. ఆ డాక్టరు ఇప్పుడు మామయ్య రాగానే పలకరింపు కన్నా ముందు నోటినిండా దూది కూరుతాడు.

మామయ్య వాక్యాల్లో ఎప్పుడూ ముగ్గురే మనుషులు: ఒక వడ్రంగి, ఒక దర్జీ, ఒక నర్సు. వాళ్లందరికీ కలిపి ఒక నిచ్చెన. వడ్రంగి దర్జీని కొడతాడు. దర్జీని వడ్రంగి కొట్టాడని నర్సు అనుకుంటుంది. దర్జీ ఎక్కిన నిచ్చెనని వడ్రంగి విరగ్గొడతాడు. ఇందులో మామయ్యకు కావలసింది మాటల వరస మాత్రమే. వినేవాళ్లకు మాత్రం కథ కావాలి. మందుల షాపాయన ఒక వాక్యం ఓపిగ్గా విని, "అనొచ్చండీ. కానీ ఆ వడ్రంగికి అంత కోపం దేనికి?" అని అడిగాడు. తనకు తెలియదని మామయ్య అంటే ఆయన నమ్మలేదు. ఏదో దాస్తున్నారని వీధంతా చెప్పాడు.

చివరికి వీధి మలుపులో నిజంగా ఉన్న దర్జీ ఒకరోజు మామయ్యను ఆపి, చాలా మర్యాదగా, తనకూ ఆ వడ్రంగికీ ఏ గొడవా లేదని, ఇన్నేళ్లుగా ఊరందరి ముందూ తన్నులు తినలేకపోతున్నానని విన్నవించుకున్నాడు.

"పోనీ ఒక్కసారి నన్ను కొట్టనివ్వండి సార్."

మామయ్య నొచ్చుకుని వెంటనే తారుమారు చేశారు. ఆ నెలంతా ఊళ్లో దర్జీ వడ్రంగిని కొట్టాడు. దర్జీ ఆనందం పట్టలేక మామయ్య చొక్కాకు అడక్కుండానే కొత్త గుండీలు కుట్టి పంపాడు. ఊళ్లోని నిజం వడ్రంగి మాత్రం మామయ్యను రెండు వారాలు పలకరించలేదు.

కోడలు ఇవన్నీ విని నవ్వేది. ఆమె పనిచేసేది రక్తపరీక్షలు చేసే ల్యాబులో. రోజంతా సూదులు, సీసాల మధ్య గడిపి ఇంటికి రాగానే మామయ్య తలుపు దగ్గరే ఒక వాక్యంతో ఎదురొచ్చేవారు. ఆమె చెప్పులు విప్పుతూనే అనొచ్చు, అనకూడదు అని చెప్పేసి లోపలికి పోయేది. రక్తం ఇచ్చేవాళ్లు సూదిని చూడకుండా మొహం పక్కకు తిప్పుకున్నట్టే తనూ చేస్తున్నానని అనుకునేది.

ఆమె నాన్నకూ మామయ్యకూ మొదటి పరిచయంలోనే కుదిరింది. నాన్నది పటాలకు ఫ్రేములు కట్టే షాపు. రెండు వీధుల అవతల. సంబంధం మాట్లాడే రోజున నాన్న గొంతు సవరించుకుని, మా అమ్మాయిని మీ చేతుల్లో పెడుతున్నాను బావగారూ అన్నాడు. ఎవరైనా కళ్లు తుడుచుకోవలసిన చోటు అది. మామయ్య కళ్లు మూసుకుని, మాటలు అటూ ఇటూ జరిపి ఇంకోలా చెప్పి, ఇలా అనొచ్చా బావగారూ అని అడిగారు. ఆమె అన్నయ్య తెల్లబోయాడు. నాన్న మాత్రం గోడమీద పటాన్ని చూసినట్టు తల ఒక పక్కకు వాల్చి కాసేపు ఆలోచించాడు.

"లేదండీ. కొంచెం వంకరగా ఉంది."

మామయ్య లేచి ఆయన్ని కౌగిలించుకున్నారు. పెళ్లి అప్పుడే ఖాయమైందని అందరూ అనుకున్నారు.

ఆమె పెళ్లైన రెండో ఏడు అలాంటి నాన్నకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పట్టు తప్పింది, మాట పడిపోయింది. అమ్మ ఎప్పుడో పోయింది కాబట్టి ఆస్పత్రి నుంచి నేరుగా కూతురి ఇంటికే తీసుకొచ్చారు. ముందు గదిలో, కిటికీ పక్కన, చేతులున్న కుర్చీలో కూర్చోబెట్టారు. ఏదన్నా చెప్పబోతే 'తా, తా' అన్న ఒక్క చప్పుడే వచ్చేది. నాన్నకే అది విని ఒళ్లు మండేది.

వినేది అర్థమవుతోందా లేదా అన్నది డాక్టర్లూ తేల్చలేదు. వచ్చినవాళ్లు వేళ్లు చూపించి ఎన్ని అని అడిగేవారు. ముక్కు ఎక్కడుందో చూపించమనేవారు. చుట్టాలైతే చెవిటివాడితో మాట్లాడినట్టు గట్టిగా అరిచి, మరుక్షణం ఆయన అక్కడ లేనట్టే ఆయన గురించి మాట్లాడుకునేవారు. నాన్న మొహం గోడకేసి తిప్పుకునేవాడు. చూశారా, ఏం తెలియడం లేదు పాపం అని వాళ్లు లేచేవారు.

అన్నయ్య ఉండేది దూరంగా, ఓడరేవులో ఉద్యోగం. మంచివాడే కానీ ఒక్క మాటా చివరిదాకా చెప్పే అలవాటు లేదు. ఫోనులో, "మరి నాన్న సంగతి... ఆ షాపు కూడా... అంటే ఇంక..." అని, మిగతాది అవతలివాళ్లకు వదిలేసేవాడు. ఆ ముక్కలన్నీ అతికించుకుంటే కోడలికి తేలింది ఇది: వచ్చే నెల వస్తాడు, షాపు మూసేస్తాడు, నాన్నను తనతో తీసుకుపోతాడు. నాన్నను అడగాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. ఏమని అడుగుతారు, జవాబు ఎక్కడినుంచి వస్తుంది? ఆమెకు మాత్రం నాన్న కిటికీలోంచి షాపున్న వైపే చూస్తున్నాడని అనిపించేది. అది తన ఊహేమోనని కూడా అనిపించేది.

ఇలాంటి సమయంలో మామయ్య ఒక స్టూలు తెచ్చుకుని నాన్న ఎదురుగా కూర్చున్నారు. కోడలు పక్కగదిలో బట్టలు మడతపెడుతోంది.

"బావగారూ, నాకో సాయం కావాలి. 'నర్సు తనని తాను దర్జీని తిట్టుకుంది.' ఇలా అనొచ్చా?"

కోడలి చేతిలో దుప్పటి జారిపోయింది. మాట పడిపోయిన మనిషి దగ్గరా ఇదేనా? ఆమెకు ఆ ఇంట్లో మొదటిసారి నిజంగా కోపం వచ్చింది. గబగబా గడప దాకా వచ్చి ఆగిపోయింది. నాన్న గోడకేసి తిప్పుకున్న మొహాన్ని మెల్లగా ఇటు తిప్పుతున్నాడు. తల ఒక పక్కకు వాల్చాడు. తర్వాత ఎడమ చేత్తో కుర్చీ చెయ్యి మీద రెండుసార్లు తట్టాడు.

"వంకరగా ఉందంటారా?"

నాన్న తల ఊపాడు.

మామయ్య పెద్ద బరువు దిగినట్టు ఊపిరి వదిలారు. తనకూ అదే అనుమానమని, ఎవరినడగాలో తెలియక తిరుగుతున్నానని చెప్పారు. పరీక్ష మీకు కాదు బావగారూ, వాక్యానికి, మీరు న్యాయం చెప్పండి చాలు అన్నారు.

ఆ రోజు నుంచి అది నియమమైపోయింది. సాయంత్రం కాగానే మామయ్య స్టూలు, నాన్న కుర్చీ. కుదిరిన వాక్యానికి చూపుడువేలు ఎత్తడం, కుదరనిదానికి రెండు తట్లు. నాన్న గడ్డం చేయించుకుని, చొక్కా మార్పించుకుని మరీ సిద్ధంగా ఉండేవాడు. మామయ్య కాస్త ఆలస్యంగా వస్తే గడియారం వంక చూసి, ఆయన వంక చూసేవాడు. మామయ్య క్షమాపణ చెప్పుకునేవారు.

ఒకరోజు, "దర్జీ ఎక్కిన వడ్రంగి నిచ్చెనని విరగ్గొట్టాడు" అన్నారు మామయ్య. నాన్న వేలు ఎత్తబోయి మధ్యలో ఆగాడు. ఆ దృశ్యం కళ్లముందు కట్టినట్టుంది. వడ్రంగి వీపు మీద దర్జీ. నోరు ఒక పక్కకే కదులుతుంది కాబట్టి ఆ పక్కతోనే నవ్వాడు. కుర్చీ కిర్రుమంది. కోడలు వంటింట్లోకి పోయి కుళాయి తిప్పి, కారణం లేకుండా చేతులు కడుక్కుంది.

అత్తయ్య మాత్రం అనుమానంగా చూస్తూ ఉండేది. ఒక మధ్యాహ్నం కూరలు తరుగుతూ బయటపెట్టింది.

"ఇవేవీ కొత్తవి కావమ్మా. పెళ్లైన కొత్తలో నా ప్రాణం తీసిన వాక్యాలే. అప్పుడే తేలిపోయాయి. వీటి మీద ఇప్పుడు పసిపిల్లలు కూడా పోట్లాడుకోరు."

కోడలు కత్తిపీట వంకే చూస్తూ ఉండిపోయింది. ల్యాబులో మిషను మీద అనుమానం వస్తే ముందు ఫలితం తెలిసిన రక్తాన్నే పెట్టి చూస్తారు. సరిగ్గా చూపిస్తే మిషను బాగున్నట్టు. అంటే పరీక్ష నాన్నకేనన్నమాట. న్యాయం చెప్పమని కుర్చీలో కూర్చోబెట్టి, వేళ్లెన్ని అని అడిగినవాళ్లు చేసిన పనే చేస్తున్నారన్నమాట, కాకపోతే కాస్త తెలివిగా.

మనసులో మాట ఎవరినీ ఎన్నడూ అడగని పిల్ల, ఆ సాయంత్రం వరండాలో మామయ్యను అడిగేసింది. జవాబు తెలిసిన వాక్యాలు పెట్టి నాన్న మిషను బాగుందో లేదో చూస్తున్నారా మామయ్యా అని.

మామయ్య అలవాటుగా కళ్లు మూసుకోబోయి తెరిచారు.

"అది బాగానే ఉందని నాకు మొదటిరోజే తెలిసిపోయిందమ్మా."

"మరి ఇన్ని రోజులూ ఎందుకు?"

"ఆయనకు తెలియాలి కదా."

ఆమెకు వెంటనే అందలేదు. మామయ్య చెప్పులో ఇరుక్కున్న రాయి తీసుకుంటూ, తన మామూలు పాఠం చెప్పే గొంతుతో వివరించారు. చుట్టూ ఉన్నవాళ్లంతా నీకేం తెలియడం లేదంటూ ఉంటే, నిజంగానే తెలియడం లేదేమోనని మనిషికి అనిపిస్తుంది. నోరు చూస్తే మాట వినదు. అందుకే జవాబులో ఏ సందేహానికీ తావులేని వాక్యాలు కావాలి. రోజూ గెలవాలి. గెలిచానని తనకే తెలియాలి. ఇంత చెప్పి, తను అబద్ధమాడిన సంగతి బావగారికి చెప్పొద్దని బతిమాలారు. సాయం కావాలన్నది అబద్ధమట. జీవితంలో అంత పెద్ద అబద్ధం ఆడలేదట.

అనుకున్నట్టే అన్నయ్య వచ్చాడు. బ్యాగు దించి, టీ తాగుతూ, నాన్నకు కాస్త దూరంగా కూర్చుని చెల్లెలితో మొదలుపెట్టాడు. ఊరినుంచి వస్తూ చాలా ఆలోచించినట్టున్నాడు. ఆఫీసు కాగితాల భాషలో మాట్లాడాడు.

"అంటే... షాపు మూసేస్తే మంచిదని అనుకోవడం జరిగింది. మరి నాన్న కూడా..."

స్టూలు మీదున్న మామయ్య కదిలారు.

"బాబూ, వాక్యం పూర్తి చెయ్యి. ఆయనవైపు తిరిగి చెయ్యి. అందులో కర్త కూడా కనిపించడం లేదు. అనుకున్నది ఎవరు?"

అన్నయ్య ఇబ్బందిగా చెల్లెలి వంక చూశాడు. ఆమె కప్పులు తియ్యడానికి లేవబోయింది. మళ్లీ కూర్చుంది.

"చెప్పన్నయ్యా," అంది. "నాన్న వింటాడు."

అన్నయ్య కప్పు పక్కన పెట్టాడు. మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లూ సగంలో ఆగాడు. మామయ్య ప్రతిసారీ, తడబడే విద్యార్థి కోసం ఆగినట్టు, ఏమీ తొందర లేనట్టు ఆగారు. చివరికి అన్నయ్య కుర్చీ దగ్గరకు లాక్కుని, నాన్న మొహంలోకి చూశాడు. ఆస్పత్రి నుంచి వచ్చాక అలా చూడడం అదే మొదలు.

"నాన్నా, నేను నీ షాపు మూసేసి నిన్ను నాతో తీసుకుపోదామనుకుంటున్నాను."

నాన్న తల ఒక పక్కకు వాల్చాడు. ఎడమ చెయ్యి లేచింది. కుర్చీ చెయ్యి మీద ఒక తట్టు, ఇంకో తట్టు.

ఆ గుర్తేమిటో చెల్లెలు చెబితే విని, అన్నయ్య కాస్త తేలికపడ్డాడు. నా మాటల్లో ఏదో తప్పు దొర్లినట్టుంది, అదే అంటున్నాడేమో అన్నాడు. అందరూ మామయ్య వంక చూశారు. ఆ ఊళ్లో ఆ విషయంలో ఆయన్ని మించిన నిపుణుడు లేడు. మామయ్య కళ్లు మూసుకున్నారు. అన్నయ్య వాక్యాన్ని మొదటినుంచి చివరిదాకా ఒకసారి, చివరినుంచి మొదటిదాకా ఒకసారి నెమరేశారు. 

"వాక్యంలో ఏ దోషమూ లేదు బాబూ. కర్త ఉంది, కర్మ ఉంది, క్రియ ఉండాల్సిన చోట ఉంది. నువ్వు ఇంత చక్కటి వాక్యం చెప్పగలవని నేననుకోలేదు." కళ్లు తెరిచారు. "ఆయన కాదంటున్నది వాక్యాన్ని కాదు. విషయాన్ని."

వంటింటి గడపలో అత్తయ్య గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. విషయం అన్న మాట ఆయన నోట వినడానికి ఆవిడకు ఒక కాపురం పట్టింది.

అన్నయ్య కుర్చీని ఇంకాస్త ముందుకు జరిపాడు. తర్వాత మెల్లగా, ఈసారి ఎవరూ చెప్పకుండానే పూర్తి వాక్యంలో, షాపు తెరిచే ఉంచమంటావా నాన్నా అని అడిగాడు. చూపుడువేలు లేచింది. లేచిన వేలు దిగలేదు. కిటికీ వైపు తిరిగి, రెండు వీధుల అవతల చోటును చూపిస్తూ అలాగే నిలిచింది. సరే నాన్నా అన్నాడు అన్నయ్య. చాలా చిన్న వాక్యమైనా పూర్తిగానే అన్నాడు. ఆ రాత్రి భోజనాల దగ్గర నాన్నను ఏది కావాలన్నా అడిగి వడ్డించాడు. రెండు తట్లకు భయపడి కారం తగ్గించాడు కూడా.

షాపు నడుస్తోంది. ఫ్రేములు కోసి మేకులు కొట్టే పని పాత పనివాడే చేస్తాడు. నాన్న గల్లా పక్కన కుర్చీలో కూర్చుని గోడకు ఆనించిన పటాలను చూస్తాడు. రెండు తట్లు వినిపిస్తే పనివాడు మారు మాట్లాడకుండా విప్పి మళ్లీ కడతాడు. షాపుకొచ్చేవాళ్లకు కూడా ఆ తట్లు అలవాటయ్యాయి.

మామయ్య సాయంత్రాలు అక్కడికే మకాం మార్చారు. పాత వాక్యాలు అయిపోయాయి. ఇప్పుడు అసలువి తెస్తున్నారు. దేశదేశాల పండితులు తేల్చుకోలేక జుట్టు పీక్కుంటున్నవి, ఒక్కొక్కటి రెండు మూడు వరసల పొడవున్నవి. 'వడ్రంగి విన్నాడని దర్జీ భయపడినట్టు నర్సుకు ఎవరు చెప్పారు?' అన్నది ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చెప్పడం కష్టం. సాయం కావాలన్న అబద్ధాన్ని ఆయన ఈ విధంగా నిజం చేసుకున్నారు.

ఒక సాయంత్రం కోడలు ల్యాబు నుంచి వస్తూ షాపులోకి తొంగిచూసింది. నాన్న ముందు ఒక పెద్ద పటం ఉంది, దాని వంకర ఏమిటో పట్టుకోబోతున్నాడు. పక్కన మామయ్య ఒక వాక్యం చెప్పి, దాన్ని తిరగేసి చెప్పి, మధ్య ముక్క తీసి చివర పెట్టి చెబుతున్నారు. నాన్న రెండు తట్లు తట్టాడు. మామయ్య వినలేదు. వేలెత్తాడు. వినలేదు. నర్సు నిచ్చెన దగ్గరకు నాలుగోసారి వచ్చింది.

"చాలు," అన్నాడు నాన్న.

పనివాడి చేతిలో సుత్తి గాల్లోనే ఆగిపోయింది. నాన్న కూడా ఆ మాట ఎవరన్నారా అన్నట్టు ఒకసారి చుట్టూ చూశాడు. కోడలు తలుపు పట్టుకుంది.

మామయ్య కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకున్నారు. 

"ఒక్క మాట. కర్త లేదు, కర్మ లేదు. అయినా పూర్తి వాక్యం బావగారూ." ఆగలేకపోయారు. "'ఇంక చాలు' అని కూడా..."

"చాలు."

ఈసారి మామయ్య నిజంగానే ఆపేశారు. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని, మాట్లాడకుండా, ఆ పెద్ద పటం వంకర ఎక్కడుందో వెతకడం మొదలుపెట్టారు.

కోడలు పరుగున ఇంటికెళ్లి ఈ సంగతంతా చెప్పింది. అత్తయ్య రెండుసార్లు చెప్పించుకుని, కళ్లు తుడుచుకుని, ఇంతకీ ఆయన్ని ఆపిన మాట ఏదని ఇంకోసారి అడిగి గుర్తుపెట్టుకుంది. ఆ రాత్రే ఇంట్లో వాడి చూసింది. ఏమాత్రం పనిచెయ్యలేదు.